కుక్కుట శాస్త్రం ప్రకారం ప్రపంచ కప్

ఫ్రెంచి కోడిపుంజు, మూడు సింహాలు, ఒక గద్ద, ఒక సూర్యుడు: పుదుచ్చేరిలోని ఒక తెలుగింటి వరండాలో సాకర్ జోస్యం

2022 డిసెంబర్ 18, ఆదివారం. ఖతార్‌లో ఫ్రాన్స్, అర్జెంటీనా జట్ల మధ్య ప్రపంచ కప్ ఫైనల్ రాత్రి ఎనిమిదిన్నరకు మొదలవుతుందనగా, పుదుచ్చేరి నటేశన్ నగర్‌లో మా మావయ్యగారు పంచాంగం తీశారు. దాని పక్కనే అట్ట ఊడిపోయిన ఇంకో పుస్తకం. గోదావరి జిల్లాల్లో సంక్రాంతి ముందు చేతులు మారే కుక్కుట శాస్త్రం అది. "ఒక పక్క కోడి ఉంది కదా అల్లుడుగారూ, శాస్త్రం వర్తిస్తుంది" అన్నారు.

కోడి ఉన్న మాట నిజమే. ఫ్రాన్స్ జట్టు చొక్కా మీద, సరిగ్గా గుండె దగ్గర, పుంజు బొమ్మ ఉంటుంది. లాటిన్‌లో గాలుస్ అంటే కోడిపుంజు. ఫ్రెంచివారి పూర్వీకులైన గాల్ జాతివాడినీ గాలుస్ అనే అంటారు. ఎవరో చేసిన ఆ శ్లేషను ఫ్రెంచివాళ్లు అవమానంగా తీసుకోకుండా చిహ్నం చేసుకున్నారు. మావయ్యగారి దృష్టిలో వాళ్లు చేసిన తెలివైన పనుల్లో ఇదొకటి.

మావయ్యగారిది యానాం. కాకినాడకు కూతవేటు దూరంలో ఉండి, ఎనిమిది వందల పైచిలుకు కిలోమీటర్ల అవతలి పుదుచ్చేరి పాలనలో బతికే ఊరు. యానాంవాడు ప్రభుత్వోద్యోగి అయితే ఎప్పుడో ఒకప్పుడు బదిలీ మీద ఇక్కడికి రాక తప్పదు. ఆయన వచ్చారు, తమిళం నేర్చుకున్నారు, రిటైరయ్యారు, నటేశన్ నగర్‌లోనే ఉండిపోయారు. ఇది పర్యాటకుల పుదుచ్చేరి కాదు. పసుపు గోడలు, ఫ్రెంచి పేర్ల వీధులు, కెమెరాలు అన్నీ సముద్రం వైపు. ఇక్కడివి ఇరుకు మేడలు, గేటు ముందు ముగ్గులు, ముగ్గు మీద నిలబెట్టిన మోటార్ సైకిళ్లు.

జోస్యం పద్ధతి తేలిక. ఆటగాళ్ల ఫామ్, కోచ్ వ్యూహం, గాయాల జాబితా ఇవేవీ చూడకూడదు. చొక్కా మీదో జెండా మీదో ఉన్న బొమ్మను మాత్రమే చూడాలి. రెండు బొమ్మల్నీ ఒకే పెరట్లో వదిలితే చివరికి ఏది మిగులుతుందో ఆలోచించాలి. ఇంత చిన్న పద్ధతికి ఇన్నేళ్లుగా ఎందుకు కట్టుబడి ఉన్నారని అడిగితే, టీవీలో కోటు వేసుకున్న నిపుణుల కంటే తానేమీ ఎక్కువసార్లు తప్పలేదని జవాబు. అల్లుడి హోదాలో ఉన్నవాడు ఇంతకు మించి వాదించడు.

పాత లెక్కలు తీస్తే, ఒప్పుకోక తప్పదు, అక్కడక్కడా ఆశ్చర్యం వేస్తుంది. గద్దనే తీసుకోండి. జర్మనీ చిహ్నం గద్ద. 1982 సెవిల్ సెమీఫైనల్లో కోడి 3-1 ఆధిక్యంలో ఉండగా గద్ద 3-3కు లాక్కొచ్చి పెనాల్టీల్లో తన్నుకుపోయింది. 1986 సెమీఫైనల్లో మళ్లీ గద్దే, 2-0. 2014 క్వార్టర్ ఫైనల్లో 1-0. పెరట్లో కోడిపిల్లల్ని పెంచిన ఏ ఇల్లాలినడిగినా ఈ మూడు ఫలితాలూ ముందే చెప్పేది. 2022లోనే చూడండి, అప్పటి ప్రపంచ విజేత ఫ్రాన్స్ గ్రూపు దశలో ఓడిన ఒకే ఒక్క మ్యాచ్ ట్యునీషియాతో. ఆ జట్టు ముద్దు పేరు కార్తేజ్ గద్దలు. అయితే నాలుగు రోజుల తర్వాత తెల్ల గద్ద బొమ్మ ఉన్న పోలండ్‌ను కోడి 3-1తో పొడిచింది. "పోలండ్‌ది చొక్కా మీద బొమ్మ. ట్యునీషియాది పేరులోనే ఉంది" అని మావయ్యగారి సమర్థన. ఎంత గట్టి శాస్త్రానికైనా ఇలాంటి మినహాయింపులు ఉండాలి. లేకపోతే శాస్త్రజ్ఞులకు పనేముంటుంది?

2018లో కోడి కప్పు గెలిచిన దారి చూస్తే మరీ ముచ్చటగా ఉంటుంది. సెమీఫైనల్లో ఎదురైన బెల్జియం జట్టు పేరు ఎర్ర దయ్యాలు. మన పల్లెల్లో పిల్లాడికైనా తెలుసు, కోడి కూసిందంటే దయ్యాలు చెట్టెక్కాల్సిందే. ఒక్క కూతకే, అంటే 1-0కే, దయ్యాలు మాయం. ఫైనల్లో క్రొయేషియా. దాని చొక్కా నిండా ఎరుపు తెలుపు గళ్లు, చదరంగం బల్ల పరిచినట్టు. బల్ల మీద కోడి నడిస్తే పావులు ఉంటాయా? 4-2. 1998 ఫైనల్లో బ్రెజిల్‌ను 3-0తో ఓడించినప్పుడూ ఇదే న్యాయం. పసుపు చొక్కాల బ్రెజిల్‌ను వాళ్ల ఊళ్లో కెనరీ పిట్ట అంటారు. పంజరంలో పాడే పిట్టకు, పెంటకుప్ప మీద నిలబడి ఊరు లేపే పుంజుకు పోటీ ఏమిటి? ఆ పిట్ట అప్పటికే నాలుగు ప్రపంచ కప్పులు గెలిచిందన్న సంగతి మాత్రం నటేశన్ నగర్ వరండాలో ఎవరూ ఎత్తరు.

సింహాల దగ్గర శాస్త్రం కొంచెం తడబడుతుంది. 2002 మే 31న సియోల్‌లో తొలి మ్యాచ్. ప్రపంచ విజేత హోదాలో వచ్చిన ఫ్రాన్స్‌ను మొదటిసారి ప్రపంచ కప్ ఆడుతున్న సెనెగల్ 1-0తో మట్టికరిపించింది. సెనెగల్ జట్టు పేరు తెరాంగా సింహాలు. ఆ సింహాల్లో దాదాపు అందరూ ఫ్రెంచి క్లబ్బుల్లో ఆడి పెరిగినవాళ్లే, అంటే కోడి గూట్లో మేత తిన్నవాళ్లే. ఆ దెబ్బకు కోడి మూడు మ్యాచ్‌ల్లో ఒక్క గోలైనా చెయ్యకుండా ఇల్లు చేరింది. సింహం ముందు కోడెంత అని అందరూ తేల్చుకున్నారు. తీరా 2022లో క్వార్టర్ ఫైనల్లో మూడు సింహాల ఇంగ్లండ్‌ను 2-1తో, సెమీఫైనల్లో అట్లాస్ సింహాల మొరాకోను 2-0తో అదే కోడి ఓడించింది. వారం తిరక్కుండా నాలుగు సింహాలు. అశోకుడి స్తంభం మీద ఉన్నన్ని.

అసలు సింహాన్ని నమ్ముకున్నవాళ్లకు ప్రపంచ కప్‌లో పెద్దగా కలిసిరాలేదు. నెదర్లాండ్స్ సింహం మూడు ఫైనళ్లు ఆడి మూడూ ఓడింది. 1990లో కామెరూన్ సింహాలు తొలి మ్యాచ్‌లోనే మారడోనా అర్జెంటీనాను కొట్టాయి కానీ, క్వార్టర్ ఫైనల్లో ఇంగ్లండ్ సింహాలకు తలవంచాయి. రెండు పక్కలా సింహాలే ఉన్నప్పుడు శాస్త్రం ఏమంటుంది? ఇంగ్లండ్‌వి లెక్కకు మూడున్నాయి అంటుంది. సింహానికి కప్పు దక్కింది 1966లో ఒక్కసారే, అదీ సొంత ఊళ్లో. ఆ ఏడాదే ప్రపంచ కప్‌కు మొట్టమొదటి మస్కట్ పుట్టింది. దాని పేరు విల్లీ, అదీ సింహమే. అప్పటి నుంచి ఆతిథ్య దేశాలన్నీ మస్కట్ మీద పడ్డాయి. 1982లో స్పెయిన్ ఒక నారింజపండుకు చొక్కా తొడిగింది. 1986లో మెక్సికో మిరపకాయకు మీసాలు పెట్టింది (గుంటూరువాళ్లు ఇంకా ఎందుకు ఊరుకున్నారో తెలియదు). 2006లో జర్మనీ తన గద్దను పక్కన పెట్టి గోలియో అనే సింహాన్ని తెచ్చుకుంది. దానికి చొక్కా వేసి ప్యాంటు వెయ్యలేదని జర్మన్లే ఎగతాళి చేశారు. ఆ బొమ్మలు తయారుచేసిన కంపెనీ ఆ ఏడాదే దివాలా తీసింది, జట్టు సెమీఫైనల్లో ఆగింది. 1966 నుంచి 2022 దాకా 15 ప్రపంచ కప్పుల్లో మస్కట్‌ను పెట్టిన ఆతిథ్య దేశమే కప్పు గెలిచింది నాలుగుసార్లు: 1966, 1974, 1978, 1998. చివరిసారి ఫ్రాన్స్. ఆ మస్కట్ పేరు ఫూటిక్స్. ఏ జంతువో చెప్పనక్కర్లేదు.

ఇక 2006 ఫైనల్. బెర్లిన్‌లో అదనపు సమయం నడుస్తుండగా జిదాన్ వెనక్కి తిరిగి, నాలుగడుగులు వేసి, ఇటలీ ఆటగాడు మాటెరాజీ గుండెల్లో తలతో గుద్దాడు. ఎర్రకార్డు. పెనాల్టీల్లో ఫ్రాన్స్ ఓటమి. ఇన్నేళ్లలో వెలువడిన వ్యాఖ్యానాల్లో మావయ్యగారిది క్లుప్తమైనది: "కోడి కాలితో కొట్టాలి, ముక్కుతో పొడవాలి. తలతో ఢీకొట్టేది పొట్టేలు. జాతి ధర్మం తప్పింది, పోయింది." పైగా ఆ రోజు ఫ్రాన్స్ తెల్లచొక్కాలు వేసుకుంది. కుక్కుట శాస్త్రంలో కోడికి పేరు ఈకల రంగును బట్టి వస్తుంది. ఎర్రనిది డేగ, నల్లనిది కాకి, తెల్లనిది సేతు. ఏ పక్షంలో, ఏ వారం, ఏ జాములో ఏ రంగు పుంజు ఏ రంగు పుంజు మీద గెలుస్తుందో పట్టికలుంటాయి. జాము జామునా కోడి అవస్థ మారుతుంది: భోజనం, గమనం, రాజ్యం, నిద్ర, మరణం. తమిళుల పంచపక్షి శాస్త్రంలోనూ ఇవే ఐదు అవస్థలు, ఐదు పక్షుల్లో కోడి ఒకటి. నీలం రంగు కోడి మాత్రం ఏ పుస్తకంలోనూ లేదు. అందుకే ఫ్రాన్స్ నీలం చొక్కాల్లో ఆడినప్పుడల్లా మావయ్యగారు దాన్ని కాకి కింద జమకట్టి సరిపెడుతున్నారు. వారం సంగతి మొదట్లో ఆయన్ని చాలా ఊరించింది. 2022 దాకా ఫ్రాన్స్ ఆడిన ఫైనళ్లు నాలుగు, నాలుగూ ఆదివారమే. రెండు గెలుపు, రెండు ఓటమి. శాస్త్రం చేతులెత్తేసింది.

ఆ 2006 జట్టు గురించి తెలుగువాళ్లు తెలుసుకోవలసిన విషయం ఇంకొకటుంది. అందులో వికాష్ దొరసూ అనే ఆటగాడున్నాడు. ఫ్రాన్స్‌లో పుట్టాడు. మారిషస్ నుంచి వచ్చిన కుటుంబం, ఆ మారిషస్‌కు చెరకు తోటల కూలీలుగా వెళ్లిన తెలుగు పూర్వీకులు. స్విట్జర్లాండ్, దక్షిణ కొరియాలతో మ్యాచ్‌ల్లో చివర్లో సబ్‌స్టిట్యూట్‌గా దిగాడు. మిగతా పోటీ అంతా బెంచీ మీదే. ఊరికే కూర్చోకుండా చిన్న ఫిల్మ్ కెమెరాతో తన ఒంటరితనాన్నే చిత్రీకరించాడు. అది సబ్‌స్టిట్యూట్ పేరుతో సినిమాగా వచ్చింది. ప్రపంచ కప్ ఫైనల్ దాకా వెళ్లిన జట్టులో తెలుగు మూలాల మనిషి ఉంటే, మన ఊళ్లలో కటౌట్ కాదు కదా, ఒక వాల్‌పోస్టర్ కూడా పడలేదు. మావయ్యగారు మాత్రం ఆ ఏడాదంతా "కోడికి మన ఈక ఒకటుంది" అని చెప్పుకు తిరిగారు.

జంతువులతో జోస్యం చెప్పించడం మన ఒక్కరి పిచ్చే కాదు. 2010లో జర్మనీలోని ఓబర్‌హౌజెన్ అక్వేరియంలో పాల్ అనే ఆక్టోపస్, జెండాలు అతికించిన రెండు పెట్టెల్లో ఏదో ఒకదాన్లోని మేత తిని, జర్మనీ ఆడిన ఏడు మ్యాచ్‌లతోపాటు ఫైనల్ ఫలితాన్నీ సరిగ్గా చెప్పింది. ఎనిమిదికి ఎనిమిది. బొమ్మా బొరుసూ వేసి ఇది సాధించాలంటే 256లో ఒక్క అవకాశం. అదే సమయంలో సింగపూర్ లిటిల్ ఇండియాలో మునియప్పన్ అనే జోస్యుడి చిలుక మణి, నాలుగు క్వార్టర్ ఫైనళ్లనూ సరిగ్గా చెప్పి ప్రపంచ పత్రికలకెక్కింది. ఫైనల్లో నెదర్లాండ్స్ కార్డు లాగింది. గెలిచింది స్పెయిన్. చిలక జోస్యం పుట్టిన నేల మీద ఆక్టోపస్ నెగ్గడం మనకు కొంచెం చిన్నతనమే.

పందెం మాత్రం మావయ్యగారు కట్టరు. ఒక్క రూపాయి కూడా. ఆయన అన్నగారికి కోనసీమ అంచున రెండెకరాల కొబ్బరితోట ఉండేది. ఒక సంక్రాంతికి మూడు రోజుల్లో మూడు డేగలు దాన్ని మోసుకుపోయాయి. అన్నగారు ఆ తర్వాత ఎక్కువ కాలం లేరు. ఆ అట్ట ఊడిన పుస్తకం ఆయనదే. కోడిపందేలు 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం ప్రకారం నేరం, అయినా భోగి నాటికి బరులు వెలుస్తూనే ఉంటాయి. "పల్నాట్లో కోడి ఓడితే ఏడేళ్లు రాజ్యం వదిలి పోయారు. ప్రపంచ కప్పులో ఓడితే నాలుగేళ్లకు మళ్లీ వస్తుంది. పైగా మన తోట పోదు" అంటారు. తన శాస్త్రాన్ని ఫుట్‌బాల్‌కు మార్చుకోవడానికి కారణం అంతకు మించి ఎప్పుడూ చెప్పలేదు.

ఆ రాత్రి వరండాలో ఆయన ఎదురుగా ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నది ఎదురింటి పెద్దాయన. వీధిలో అందరూ ఆయన్ని సొల్దా గారనే అంటారు. ఫ్రెంచి సైన్యంలో పనిచేసి వచ్చి యూరోల్లో పెన్షన్ తీసుకునేవాళ్లకు పుదుచ్చేరిలో ఆ పేరే స్థిరపడింది. 2022 నాటికి ఆయనకు 84 ఏళ్లు. మాట్లాడేది తమిళం, ఓటేసేది ఫ్రాన్స్ ఎన్నికల్లో.

ఇక్కడ చరిత్ర కాస్త చెప్పాలి. పుదుచ్చేరి పాలన 1954 నవంబర్ 1న భారత్ చేతికి వచ్చింది. చట్టబద్ధంగా బదిలీ అయ్యింది మాత్రం 1962 ఆగస్టు 16న. అప్పుడు ఇక్కడి ప్రజలకు ఆరు నెలల గడువిచ్చారు. ఫ్రెంచి పౌరులుగా ఉండదలచుకున్నవాళ్లు రాతపూర్వకంగా చెప్పాలి, చెప్పనివాళ్లు భారతీయులు. చెప్పినవాళ్లు కొన్ని వేల మందే. సొల్దా గారు రాసిచ్చారు. ఆయన తమ్ముడు, బడిపంతులు, రాసివ్వలేదు. ఒకే ఇంట్లో రెండు దేశాలు. ఆస్తి పంపకం కన్నా తేలిగ్గా జరిగిందట, ఎందుకంటే పంచుకోవడానికి ఆస్తి లేదు.

పెద్దాయనకు కోడి జోస్యం మొదట్నుంచీ నచ్చదు. చొక్కా మీద బొమ్మ గురించి తమ్ముడికీ తనకూ జీవితమంతా తగాదాయేనని ఆ సాయంత్రం చెప్పుకొచ్చారు. కోడికీ మనకూ మధ్య ఫుట్‌బాల్ జరిగింది కూడా. 1948 లండన్ ఒలింపిక్స్‌లో, స్వతంత్రం వచ్చి ఏడాదైనా కాలేదు, భారత జట్టు ఫ్రాన్స్‌తో ఆడింది. మనవాళ్లలో చాలామంది కాళ్లకు బూట్లు లేవు. రెండు పెనాల్టీలు వృథా చేసి 1-2తో ఓడారు. మళ్లీ 1960 రోమ్ ఒలింపిక్స్‌లో ఎదురుపడ్డారు. ఈసారి శిక్షకుడు హైదరాబాద్‌కు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీం. కెప్టెన్ పీకే బెనర్జీ గోల్ కొట్టాడు. గెలుపు అంచు దాకా వెళ్లి 1-1తో ఆగింది. సొల్దా గారు అప్పుడు సైన్యంలో, ఫ్రాన్స్‌లో ఒక బారక్స్‌లో ఉన్నారు. కొన్ని వారాల తర్వాత ఇంటి నుంచి కవరొచ్చింది. అందులో ఉత్తరం లేదు. 1-1 అని వార్త ఉన్న తమిళ పత్రిక ముక్క మాత్రం ఉంది. "వాడు జీవితంలో నాకు పంపిన ఉత్తరాల్లో అదే పెద్దది" అన్నారాయన.

గడువు నడుస్తున్న ఆరు నెలల్లో ఇంకో ఫలితం వచ్చింది. 1962 సెప్టెంబర్ 4న, పుదుచ్చేరి చట్టబద్ధంగా భారత్‌లో కలిసిన 19 రోజులకు, జకార్తా ఆసియా క్రీడల ఫైనల్లో రహీం జట్టు దక్షిణ కొరియాను 2-1తో ఓడించి స్వర్ణం తెచ్చింది. అదే ఏడాది చిలీ ప్రపంచ కప్‌కు ఫ్రాన్స్ అర్హతే సాధించలేదు. ఫుట్‌బాల్ చూసి పౌరసత్వం ఎంచుకునే పనైతే ఆ సెప్టెంబర్‌లో కోడికి ఒక్క సంతకమూ పడేది కాదు. తమ్ముడు ఈ మాట అన్నాడా అని మావయ్యగారు అడిగారు. ప్రతి దీపావళికీ అన్నాడని జవాబు. తమ్ముడు పోయి చాలా కాలమైంది. ఆ పత్రిక ముక్క మాత్రం పెన్షన్ పుస్తకంలో ఉంది.

అప్పట్లో మన జట్టుకు పులి పేరు కూడా లేదు. పులి మన జాతీయ జంతువైంది 1973లో, దానికి ముందు ఆ గౌరవం సింహానిదే. ఇప్పుడు భారత జట్టును నీలి పులులంటారు. రహీం 1963లో పోయారు. ఆ తర్వాత పులి బొమ్మ వచ్చింది, పులి మాత్రం బరి దాకా రాలేదు. 1950లో బ్రెజిల్‌కు వెళ్లే అవకాశం చేతిదాకా వచ్చి వదులుకున్న దేశం మనది. కాబట్టి నాలుగేళ్లకోసారి ఊరివాళ్ల జంతువుల్లోంచి ఒకదాన్ని ఎంచుకుని దత్తత తీసుకుంటాం. మావయ్యగారి శాస్త్రంలో నవ్వొచ్చే భాగం పోగా మిగిలేది ఇదే.

మళ్లీ ఫైనల్‌కు వద్దాం. అర్జెంటీనా చిహ్నంలో జంతువు లేదు. జెండా మధ్యలో ముఖమున్న సూర్యుడున్నాడు. కోడికీ సూర్యుడికీ పోటీ. "ఇందులో శాస్త్రంతో పనేముంది? నా కోడీ కుంపటీ లేకపోతే ఊరికి తెల్లవారదనుకున్న ముసలమ్మ కథ అందరికీ తెలిసిందే" అని నేను తొందరపడ్డాను. మావయ్యగారు జాలిగా చూశారు. 2018లో కజాన్‌లో ఇదే కోడి ఇదే సూర్యుణ్ని 4-3తో ఓడించిన సంగతి గుర్తుచేశారు. పంచాంగం తిరగేశారు. ఖతార్‌లో ఆట మొదలయ్యేసరికి సాయంత్రం ఆరు, డిసెంబర్‌లో అక్కడ అప్పటికే సూర్యాస్తమయం. ఒక పక్క సూర్యుడు లేడు. మరో పక్క కోడి గూట్లో చేరిపోయే వేళ. "ఇద్దరూ నిద్రావస్థే. తేలదు" అని తీర్పిచ్చి పుస్తకం మూసేశారు.

తర్వాత జరిగింది అందరూ చూసిందే. కోడి నిజంగానే నిద్రపోయింది. మెస్సీ, డి మారియా చెరొకటి కొట్టి 2-0. ఎనభై నిమిషాల దాకా ఫ్రాన్స్ లేవలేదు. సొల్దా గారి మనవడు, పుట్టుకతో ఫ్రెంచి పౌరుడు, మెస్సీ చొక్కా వేసుకుని వీధిలోకి పరిగెత్తాడు. చొక్కా మీద సూర్యుణ్ని చూసి తాత ఏమీ అనలేదు. ఆ వయసువాళ్లకు బొమ్మలతో పనిలేదు, మనిషి పేరు చాలు. అప్పుడు, మన లెక్కన రాత్రి పది దాటాక, రెండు నిమిషాల్లోపే ఎంబాపే రెండు గోల్స్ కొట్టాడు. సొల్దా గారు కుర్చీలోంచి లేచారు. మావయ్యగారు మాత్రం మొహం మాడ్చుకున్నారు. "రాత్రి మొదటి జాములో కోడి కూయకూడదు. అపశకునం" అన్నారు. అదనపు సమయంలో మెస్సీ మళ్లీ, ఎంబాపే మళ్లీ. ప్రపంచ కప్ ఫైనల్లో మూడు గోల్స్ కొట్టినవాడు 1966లో జెఫ్ హర్స్ట్ తర్వాత ఇతనే. 3-3. తేలలేదు. మావయ్యగారు వరండాలో ఉన్నవాళ్లందర్నీ ఒక్కొక్కరినే చూశారు. పెనాల్టీల్లో 4-2తో సూర్యుడు గెలవడం తన జోస్యం పరిధిలోకి రాదని, పెనాల్టీలు ఆట కాదని, లాటరీ అని తేల్చారు.

బొమ్మల పద్ధతి మనకూ ఒకసారి అచ్చొచ్చింది. అదే 2022లో, మార్చి 20న, గోవాలో ఇండియన్ సూపర్ లీగ్ ఫైనల్. చార్మినార్ గుర్తు హైదరాబాద్‌ది, ఏనుగు కేరళ బ్లాస్టర్స్‌ది. అంతకు ముందే రెండు ఫైనళ్లు ఓడిన ఏనుగు మూడోదీ ఓడింది, 1-1 తర్వాత పెనాల్టీల్లో 3-1తో. నాలుగు శతాబ్దాలు దాటి నిలబడ్డ రాతి కట్టడాన్ని ఏనుగు ఏం చేస్తుందని మావయ్యగారు అప్పుడు ఉప్పొంగారు. చార్మినార్‌కు ఏనుగు వల్ల ప్రమాదం రాలేదు. డబ్బు కొరత వల్ల వచ్చింది. క్లబ్బు చేతులు మారి, 2025లో ఢిల్లీకి తరలిపోయి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీగా పేరు మార్చుకుంది. రహీం ఊరికి ఆ లీగ్‌లో ఉన్న ఒక్క బొమ్మా పోయింది. దాని గురించి శాస్త్రంలో ఏముందని ఆయన్ని అడగలేదు.

2025 డిసెంబర్ 5 రాత్రి నటేశన్ నగర్ నుంచి ఫోనొచ్చింది. వాషింగ్టన్‌లో 2026 ప్రపంచ కప్ డ్రా తీస్తున్నారు. ఈసారి జట్లు 48, ఆతిథ్య దేశాలు మూడు, మస్కట్లూ మూడు: కెనడాకు పెద్ద దుప్పి, మెక్సికోకు జాగ్వార్, అమెరికాకు బట్టతల గద్ద. కేప్ వర్డి నుంచి నీలి సొరచేపలు మొదటిసారి వస్తున్నాయి. "సొరచేప బరిలోకి దిగితే కోడి ఏ చెట్టెక్కాలి?" అని మావయ్యగారి బెంగ. అయితే ఫోన్ చేసింది దాని గురించి కాదు. ఫ్రాన్స్ గ్రూపులో మళ్లీ సెనెగల్ పడింది, 2002 నాటి సింహం. దానికి తోడు నార్వే. ఆ దేశ రాజముద్రలో ఉన్నదీ సింహమే.

పక్కనే ఉన్న సొల్దా గారు ఏదో అంటున్నారు. నార్వే సింహం వట్టి సింహం కాదని, ముందు కాళ్లతో గొడ్డలి పట్టుకుని ఉంటుందని, సంగతి సరిగ్గా చూసుకొమ్మని. మావయ్యగారు పుస్తకం పేజీలు తిప్పుతున్న చప్పుడు ఫోన్లో వినిపించింది. కోడి కాలికి కత్తి కట్టే ముహూర్తం ఉందట, సింహం గొడ్డలి గురించి ఎక్కడా లేదట. సంక్రాంతికి కాకినాడ వెళ్లినప్పుడు కొత్త ముద్రణ ఏమైనా వచ్చిందేమో చూసి పట్టుకురమ్మన్నారు.